సెమినారులో ఒంటి తుమ్ము

అమ్మన్నమ్మ నోరు మూసుకుని కూర్చుంటుందంటే, బెంగాల్లో ఆవిడ కాపురముండే ఏక్‌బాల్‌పూర్‌లో కుక్కలు కూడా నమ్మవు. రేవులో ఓడ కూతైనా కాసేపటికి ఆగుతుంది గానీ ఆవిడ మాట ఆగదు. అలాంటి మనిషి చేత మనవరాలు మౌక్తిక ఆ పొద్దున్న దేవుడి గదిలో ఒట్టు వేయించుకుంది.

"అమ్మమ్మా, నేను మైకు వదిలేదాకా నువ్వు నోరిప్పకూడదు. సరేనా?"

"ఓసి, నానేటి మాటాడతానే! బొమ్మలాగ కూకుంటాను."

"మొన్న బ్యాంకులో కూడా ఇదే అన్నావు. మేనేజరుకి పెళ్లి సంబంధం చూసీసినావు."

"మంచి సంబంధమే గదేటి!"

మౌక్తిక భయం ఊరికే కాదు. ఆ రోజు యూనివర్సిటీలో సెమినారు. మహమ్మారి రోజుల్లో మనుషులూ సమాజమూ ఎలా మారారన్నది విషయం. ఎవరైనా రావచ్చని గేటుకు బ్యానరు కూడా కట్టారు. మౌక్తిక మొదటిసారి అంతమంది ముందు మాట్లాడబోతోంది. అది బాగుంటేనే పెద్ద ప్రొఫెసరుగారు తన దగ్గర పరిశోధనకు చేర్చుకుంటారు.

అమ్మన్నమ్మ ముందు వరసలో కూర్చుంది. పక్కన షాలిమార్ గూడ్సు యార్డులో పనిచేసి రిటైరైన బెంగాలీ పెద్దాయన. ఎక్కడ సెమినారున్నా వస్తాడట, సమోసాలు పెట్టే చోటికి ఇంకాస్త ముందే వస్తాడట. ఆయనే చెప్పాడు. తిరిగి చెప్పడానికి అమ్మన్నమ్మ దగ్గర అంతకు పదింతల సరుకుంది. కానీ ఒట్టు! గొంతు దాకా వచ్చిన మాటలన్నిటినీ గుటక వేసి మింగింది.

మౌక్తిక లేచి, కాగితాలు సర్దుకుని, మైకు దగ్గరకు వంగి నోరు తెరిచిందో లేదో, వేదిక మీదున్న పెద్ద ప్రొఫెసరు "హాఛ్!" అని తుమ్మాడు.

ఒక్కటే.

అప్పుడు చూడాలి ఆ హాలు! రోగం వచ్చి వెళ్లి ఇన్నేళ్లయినా, ఆయనకు అటూ ఇటూ ఉన్న పండితులిద్దరూ కుర్చీలతో సహా దూరంగా జరిగిపోయారు. ఎవరి సంచిలోంచో నలిగిపోయిన మాస్కు ఒకటి బయటికొచ్చింది.

అమ్మన్నమ్మ గుండె జారింది ఇంకో కారణానికి. పని మొదలెట్టేవేళ ఒంటి తుమ్ము! ఆవిడ మేనత్త కొడుకు వెంకటేశు పెళ్లిచూపులకు బయలుదేరినప్పుడు ఇలాగే ఒంటి తుమ్ము పడింది. వాడు లెక్కచెయ్యలేదు. బస్సు చిలకపాలెం దగ్గర పాడై కూర్చుంది. వాడు చేరేసరికి ఆ పిల్లకు వేరే ఇంటివాళ్లతో తాంబూలాలు పుచ్చేసుకున్నారు. అదే జంట తుమ్మయితే శుభం. అంటే ఇప్పుడు కావలసింది ఇంకొక్క తుమ్ము, అంతే.

మాట్లాడనని ఒట్టేసింది గానీ తుమ్మనని ఒట్టు వెయ్యలేదు కదా! బొడ్లోంచి ముక్కుపొడుం డబ్బీ తీసి గట్టిగా ఓ పట్టు పట్టింది. ఏం లాభం? పెళ్లినాటి నుంచీ పొడుం పీల్చిన ముక్కు, తుమ్మడం ఎప్పుడో మరిచిపోయింది. ఇంకో పట్టు పట్టింది. కంట్లో చెమ్మ కూడా రాలేదు.

ఇక పెద్దాయన వైపు తిరిగింది. డబ్బీ చూపించింది. ముక్కు చూపించింది. వేదిక చూపించింది. చేతులు జోడించింది.

"నోస్సి!" అని ఆయన మొహం వెలిగిపోయింది. "మా తాతగారు పీల్చేవారు, దీదీ!" అని బెంగాలీలో మురిసిపోతూ, పులుసులో ఉప్పు వేసేవాడిలా ఇంత తీసి ముక్కులో కూరాడు.

"హాఛ్!"

జంట కుదిరింది. అమ్మన్నమ్మ పైన తిరుగుతున్న ఫ్యానుకే దండం పెట్టింది. చేతులు దించకముందే ఇంకోటి, "హాఛ్!"

"ఓలమ్మో" అనబోయి రెండు చేతులా నోరు మూసుకుంది. మళ్లీ ఒంటిదే మిగిలింది!

ఇప్పుడు హాలంతా మాస్కులే. లేనివాళ్లకు కొంగులు, జేబురుమాళ్లు, ఒకాయనకైతే సెమినారు వాళ్లిచ్చిన ఫైలు. మౌక్తిక కళ్లార్పకుండా అమ్మమ్మనే చూస్తోంది. కొంప మునిగిందనుకుంది అమ్మన్నమ్మ.

మౌక్తిక కాగితాలు కింద పెట్టింది. మైకులో మెల్లగా బెంగాలీలో అంది: "దాదా, దయచేసి ఇంకొక్కటి. మా ఇంట్లో ఒంటి తుమ్ము మీద ఏ పనీ మొదలుపెట్టం. ఎమ్మే చదివాను గానీ, ఇప్పుడు నాకు నోరు పెగలడం లేదు."

హాలు గొల్లుమంది. "మా అమ్మా ఇంతే. కానివ్వండి దాదా," అన్నాడు పెద్ద ప్రొఫెసరు.

తుమ్మంటే వణికి తలుపులేసుకున్న జనం, ఒక్క తుమ్ము కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పెద్దాయన ముక్కు నలిపాడు. ట్యూబులైటు కేసి చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. "పోయింది," అన్నాడు. హాలంతా "అయ్యో" అంది. ఆయన మళ్లీ పొడుం పట్టాడు. ఈసారి వచ్చింది చూడండి, కిటికీ అద్దాలు అదిరాయి! ఒకటే చప్పట్లు.

మౌక్తిక మొదలుపెట్టింది. కాగితం వంక చూడలేదు. ఆ రోజుల్లో పక్కింటివాడు తుమ్మితే మనం తలుపులెలా మూసుకున్నామో, ఇందాక ఈ కుర్చీలెలా జరిగాయో చెప్పుకుపోయింది. పండితులిద్దరూ సిగ్గుపడి, కుర్చీలు మళ్లీ దగ్గరికి లాక్కున్నారు. చివర్న పెద్ద ప్రొఫెసరు, "సోమవారం నా గదికి రామ్మా, నీ పరిశోధన సంగతి చూద్దాం," అన్నాడు.

మౌక్తిక మైకు వదిలి, "ఎవరైనా ఏదైనా అడుగుతారా?" అంది. మొదటి చెయ్యి అమ్మన్నమ్మదే.

"అడుగు అమ్మమ్మా. ఇంక మాటాడొచ్చు."

"ఆ దాదా నా డబ్బీ ఇచ్చీలేదే! ఏటి చేసినాడో అడుగు!"

ఏం చేశాడంటే, పక్కవాళ్లకిచ్చాడు. వాళ్లు వెనకవాళ్లకిచ్చారు. అందరూ కుర్చీల కింద వెతుకుతుండగా, చిట్టచివరి వరసలో ఎవరో "హాఛ్!" అన్నారు.

ఒక్కటే.

టీ, సమోసాలు సిద్ధమని కబురొచ్చింది. ఒక్కరు లేస్తే ఒట్టు.