పెయింట్ వేయించిన గది

మా గేదె పట్టాలకు అడ్డంగా నిలబడితే మద్రాసు మెయిలు నలభై నిమిషాలు ఆగిపోయిందనీ, స్టేషన్ మాస్టరు దిగివచ్చి దానికి దండం పెట్టాడనీ నేను చెబితే అందరూ నవ్వేవారు. జ్ఞానశేఖర్ మాత్రం నవ్వేవాడు కాదు.

“దండం పెట్టింది ముందు నుంచా, వెనక నుంచా అన్నయ్యా?” అని అడిగేవాడు.

అలా చిన్న ప్రశ్న ఒకటి వేసి నా కథ గాలి తీసేయడం అతనికి సరదా. కెనడాలో, ఎటోబికో అనే చోట ఒక మాల్ ఫుడ్ కోర్టులో ప్రతి మంగళవారం మా ఇద్దరి కచేరీ. పక్కనున్న వాన్ అనే ఊళ్లో మా అమ్మాయి ఝాన్సీలక్ష్మి ఇంటి నుంచి నేను రెండు బస్సులు మారి వెళ్లేవాణ్ణి. అతనిది బాపట్ల దగ్గర పల్లె. డెబ్భైల్లో ఈ దేశం వచ్చి, కెనడా సైన్యంలో వంటవాడిగా చేరి, సైప్రస్‌లో నీలం టోపీ పెట్టుకుని శాంతిసేనకు వండి వడ్డించాడు. నేను “కెప్టెన్” అని ఏడిపిస్తే, “గరిటె కెప్టెన్ని” అనేవాడు. భార్య బాలకుమారి పోయి ఆరేళ్లు. పిల్లలు లేరు. ఒక ఇంటి కింద బేస్‌మెంట్ గదిలో అద్దెకుండేవాడు.

అది రెండువేల ఇరవై మూడు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు సూట్‌కేసులతో ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా బేస్‌మెంట్లలోకి దిగుతున్న రోజులు. మా బస్సులో ఎంత తెలుగు వినపడేదంటే, పంజాబీ డ్రైవరు కూడా “కొంచెం జరగండమ్మా” అనడం నేర్చుకున్నాడు. నమ్మితే నమ్మండి.

ఒక మంగళవారం జ్ఞానశేఖర్ టీలో చెంచా తిప్పుతూనే ఉన్నాడు, తాగడు.

“ఇంటి ఓనరు రంగనాథ్ వచ్చాడన్నయ్యా. ‘అంకుల్, మీరొక్కరున్న చోట ఆరుగురు స్టూడెంట్స్ అడ్జస్ట్ అవుతారు, నెలాఖరుకి ఖాళీ చేయండి’ అన్నాడు.”

మాజీ సైనికులు వీధిన పడకుండా సాయం చేసే ఆఫీసు ఒకటుందని విని నేనే అతన్ని తీసుకెళ్లాను. వెళ్లకపోయినా బాగుండేది. కనీసం లోపలికి వెళ్లకుండా బయట బెంచీ మీద కూర్చున్నా బాగుండేది.

నా చదువు మా ఊళ్లో ఏడో తరగతి దాకా. నాకు తెలిసిన ఆఫీసు మా తాలూకా ఆఫీసు. అక్కడికి ఒంటరిగా వెళ్లినవాణ్ణి బంట్రోతు కూడా పలకరించడు. వెనక మనుషులున్నారని చూపించాలి, ఫలానావారి తాలూకు అనిపించుకోవాలి. అప్పుడే కాగితం కదిలేది. ఆ తెలివితోనే నేను కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాను.

ప్రశ్నలు అడిగే అమ్మాయి పేరు హోప్. ఇక్కడ పుట్టిన తెలుగు పిల్లే.

“సర్వీస్ రికార్డ్ ఓకే అంకుల్. ఇప్పుడు హౌసింగ్ క్వశ్చన్స్. రూమ్ ఖాళీ చేశాక ఉండటానికి ఫ్యామిలీ గానీ ఫ్రెండ్స్ గానీ ఎవరైనా ఉన్నారా?”

జ్ఞానశేఖర్ తల వంచుకుని, “ఎవరూ...” అనబోయాడు. నా ప్రాణం చివుక్కుమంది. నన్ను పక్కన పెట్టుకుని ఆ మాటా?

“ఎవరూ లేకపోవడమేమిటమ్మా? నేను లేనూ? వాన్‌లో మాది ఐదు గదుల ఇల్లు. రెండు ఖాళీగానే పడున్నాయి. తమ్ముడు ఎన్నేళ్లుంటే మాత్రం కాదనేదెవరు?”

హోప్ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి.

“తాతగారూ, మర్యాదకి అంటున్నారా, నిజంగా ఉంచుకుంటారా? నేనిక్కడ యెస్ అని టైప్ చేయాలి.”

“పెద్ద అక్షరాల్లో చెయ్యమ్మా.”

“ఏ ఆన్సర్ ఇస్తే ఏమవుతుందో నేను చెప్పకూడదు. ఇంకోసారి ఆలోచించుకోండి.” తర్వాత అతని వైపు తిరిగింది. “అంకుల్, మీరేమంటారు?”

జ్ఞానశేఖర్ నన్ను చూశాడు. ఏదో ప్రశ్న వేస్తాడనుకున్నాను. గదులు ఏ దిక్కున ఉన్నాయనో, కిటికీలు ఎన్ననో. ఏమీ అడగలేదు.

“అన్నయ్య ఉన్నాడమ్మా,” అన్నాడు.

హోప్ టైప్ చేసి, నిట్టూర్చి చెప్పింది. “అయితే ఇప్పుడు ఎలిజిబుల్ కారు అంకుల్. ఇది వెళ్లడానికి ఎక్కడా చోటు లేనివాళ్లకి. పరిస్థితి మారితే వెంటనే రండి, మళ్లీ స్క్రీనింగ్ చేస్తాను.”

లిఫ్టులో ఇద్దరమే. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి చోటు లేదు. అతను నా చెయ్యి పట్టుకుని, “పోనీలే అన్నయ్యా, చోటు లేనివాడెవడికో అందుతుంది,” అన్నాడు. నేను మళ్లీ గేదె కథ ఎత్తుకున్నాను.

ఇంట్లో అడగకపోలేదు. ఝాన్సీ కోపంగా కూడా అనలేదు. “కింద నలుగురు, పైన ఇద్దరు స్టూడెంట్స్‌కి అద్దెకిచ్చేశాం నాన్నా. మీకే లాండ్రీ మెషీన్ పక్కన మంచం వేశాం. ఆయన్నెక్కడ పెట్టను?” అంది. ఆ సంగతి అతనికి ఫోన్‌లో చెబుదామని నాలుగుసార్లు నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను.

నెలాఖరు పొద్దున బెల్లు మోగింది. జ్ఞానశేఖర్. ఇస్త్రీ చొక్కా, రెండు సంచులు, పాత దినపత్రికలో చుట్టిన పెద్ద ఇనుప మూకుడు.

“ఈ వేళ వంట నాదే అన్నయ్యా!”

గుమ్మంలో చెప్పుల గుట్ట చూశాడు. అంతలో కింద ఉండే తేజశ్రీ తడిజుట్టుతో పైకొచ్చింది. “తాతగారూ, మీ మంచం మీద మా బట్టలున్నాయి. ఒక్క ఫైవ్ మినిట్స్, తీసేస్తా!”

తెరిచిన తలుపులోంచి మెషీన్, దాని పక్కన నా మడతమంచం కనబడుతూనే ఉన్నాయి. అతను చూశాడు. చూసి, సంచులు కింద పెట్టలేదు.

“ఉండటానికి రాలేదులే. చెప్పి పోదామని వచ్చాను. కింగ్‌స్టన్‌లో నాతో పనిచేసిన ఫ్రెండ్ ఉన్నాడు. పెద్ద ఫామ్‌హౌస్ ఉంది. నా కోసం గదికి పెయింట్ కూడా వేయించాడట.”

జ్ఞానశేఖర్ నాతో ఆడిన అబద్ధం అదొక్కటే. ఏం రంగు వేయించాడని అడిగితే చాలు, అతను తడబడేవాడు. చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, మంచం అతనికిచ్చి నేను నేల మీద పడుకోవచ్చు. కనీసం అప్పటికప్పుడు హోప్ దగ్గరికి తీసుకెళ్లొచ్చు.

“మంచిది తమ్ముడూ,” అన్నాను.

మూకుడు నా చేతిలో పెట్టాడు. “దారిలో బరువు. ఉంచు.”

మర్నాడు ఆఫీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. హోప్ వెంటనే అతని నంబరుకి ఫోన్ చేసింది. అది పనిచేయడం లేదు. “ఫైల్ ఓపెన్‌గా పెడతాను తాతగారూ. కానీ ఆయనే రావాలి,” అంది.

ఇప్పుడు మంగళవారాలు మాల్‌కి వెళ్లడం మానేశాను. ఆ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుంటాను. కథలు అడిగేవాళ్లున్నారు కానీ గేదె కదలడం లేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా తల ఎత్తి చూస్తాను. నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గదికి ఏం రంగు వేయించాడని.