ముందు తలుపు తాళం

మద్రాసు చింతాద్రిపేటలో గదీ వంటిల్లూ ఉన్న చిన్న ఇంట్లో భాష్యం, అతని భార్య చూడామణి, తల్లి తాయారు ఉండేవారు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆలుమగలిద్దరే ఎక్కడికీ పోయింది లేదు. 1971 ఏప్రిల్‌లో భాష్యం ఆఫీసు స్నేహితుడొకడు మహాబలిపురంలో రెండు రోజులకు గది మాట్లాడిపెట్టాడు. తాయారును తిరువొత్తియూరులో కూతురింటికి పంపారు. చూడామణి పులిహోర కలిపి, వీధంతా చెప్పి మరీ బయల్దేరింది.

శనివారం పొద్దున బస్టాండులో ఆ స్నేహితుడే ఎదురొచ్చి నెత్తి గోక్కున్నాడు. గది ఎవరో పెద్ద అధికారికి ఇచ్చేశారట.

"పదకొండేళ్లండీ," అంది చూడామణి.

"ఏం చేసేది? ఇంటికి పోదాం పా."

"ఇంటికా? ఎదురింటి గోవిందమ్మ నవ్వదా?" మళ్లీ తనే అంది. "సరే, ఆడకే పోదాం. కానీ ముందు తలుపు తాళం తీయొద్దు. సందులోంచి పెరటి తలుపు తీసుకోని పోదాం. ఊళ్లో లేనట్టే ఉందాం."

దొంగల్లా దూరారు. కిటికీలు మూసే ఉంచారు. మొదటి గంట బాగానే ఉంది. నేలమీద కాళ్లు చాపుకుని పులిహోర తిన్నారు. ఆ తర్వాత ఉక్క మొదలైంది. వీధి కుళాయికి పోయే వీల్లేదు, బిందెలో నీళ్లు అడుగంటాయి. దగ్గొస్తే దిండులో మొహం దాచుకోవాలి. పోట్లాట కూడా గుసగుసగానే.

"ముందే ఇంకో చోటు చూసుంటే ఏం పోయింది మీకు?"

"వాడిట్టా చేస్తాడని నాకేం తెలుసు?"

"మీకెప్పుడు తెలిసింది గనక!"

నాలుగింటికి వాకిట్లో రిక్షా ఆగింది. తాయారు గొంతు వినపడింది.

"కూతురితో పడలేదు గోవిందమ్మా, వచ్చేసినా. వీళ్లొచ్చేదాకా ఈ తిన్నె మీదే పడుంటా. గుక్కెడు నీళ్లియ్యి."

భాష్యం లేచాడు. చూడామణి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండు రోజుల్లో ఒక్క పూటే దక్కింది. బయట ముసలామె ఆయాసపడుతూ కూర్చున్న చప్పుడైంది. చూడామణి చెయ్యి వదిలేసింది.

సంచీలు తీసుకుని పెరటి సందులోంచి చుట్టు తిరిగి వచ్చారు.

"గది దొరకలేదమ్మా," అన్నాడు భాష్యం.

"నీకేది కుదిరింది గనక? తలుపు తియ్యి. కాఫీ పెట్టమను."

చూడామణి కాఫీ గ్లాసు అందిస్తూనే చెప్పేసింది. "అత్తా, రేపు మేమిద్దరం బీచికి పోతాం."

"నేనూ వస్తా. ఒక్కదాన్నే ఈడ ఏం చేసేది?"

ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు మామూలుకన్నా గట్టిగా మోగాయి.

ఆదివారం ముగ్గురూ మెరీనాకు పోయారు. తాయారుకు అలలంటే భయం. చెప్పులకు కాపలాగా ఇసకలో కూలబడింది. చూడామణి భర్త చెయ్యి పట్టుకుని మోకాటి లోతు నీళ్లలోకి నడిచింది. పది నిమిషాలు కూడా కాలేదు.

"చీర తడస్తాంది! చాల్లే, రాండి!" అని వెనకనుంచి కేక.

భాష్యం తిరగబోయాడు. చూడామణి తిరగనివ్వలేదు.

"మీకేం వినపళ్లేదు," అంది. "నాకూ వినపళ్లేదు."