తేలప్రోలు దాటాక

ముచ్చిక తుంచిన కాయని సొన కారిపోయేదాకా బోర్లించాలి. తర్వాత గుడ్డతో తుడిచి, గడ్డి పరిచిన ట్రేలో పక్క కాయకి ఒరుసుకోకుండా పేర్చాలి. యలమంద చేతులు ఆ పని వాటంతటవే చేసుకుపోతున్నాయి. నూజివీడు మామిడి షెడ్డులో సీజను మంచి ఊపు మీదుంది. బయట లారీలు వెనక్కి వస్తూ అరుస్తున్నాయి. సొన తగిలి తగిలి అతని ముంజేతులు మచ్చలు మచ్చలుగా కమిలిపోయాయి. సన్నగా పొడుగ్గా ఉంటాడు. నిలబడితే మెడ కాస్త ముందుకి సాగి, దూరంగా ఏదో వస్తోందేమోనని చూస్తున్నట్టుంటాడు. ముప్ఫై ఏళ్ళు రైలు గేటు కాసిన మెడ అది.

తేలప్రోలుకీ నూజివీడు స్టేషనుకీ మధ్య ఉండేది ఆ గేటు. పేరుకే నూజివీడు స్టేషను. ఉండటం మాత్రం ఊరికి ఆమడ దూరంలో, హనుమాన్ జంక్షన్ పక్కన. ఫోను మోగితే యలమంద గేటు వేసేవాడు. బండి వస్తే పచ్చజెండా పట్టుకుని నిలబడేవాడు. బండి పోయాక గేటు తీసేవాడు. ఈలోగా అటూ ఇటూ ఆగినవాళ్ళు తిట్టని తిట్టు లేదు. ఒకసారి పెళ్ళికార్లవాళ్ళు, ముహూర్తం దాటిపోతోందని దిగొచ్చి చొక్కా పట్టుకున్నారు. వాళ్ళలో ఒక పెద్దమనిషి చెంప మీద కొట్టాడు. యలమంద తాళంచెవి పిడికిట్లో బిగించి, "బండెళ్ళాకేనండీ" అన్నాడు. రెండో చెంప మీద కొట్టినా అదే మాట. బండి వెళ్ళాకే తీశాడు. కొన్నాళ్ళకి పట్టాల కిందనుంచి రోడ్డు వేసి, ఆ గేటే లేకుండా చేశారు.

అన్ని బళ్ళు సాగనంపినవాడు ఒక్కనాడూ ఇంజనెక్కలేదు. ఎక్కాలని ఉందన్న సంగతి గుండెజబ్బు చేశాక గాని బయటపెట్టలేదు. ఆస్పత్రిలో పక్క మంచం దగ్గర ఎవరో ఫోనులో రైలు నడిపే ఆట ఆడుతుంటే చూశాడు. ఇంటికొచ్చిన వారంలోనే జంక్షన్లో కంప్యూటర్లు బాగుచేసే లేయా దగ్గరికెళ్ళి, "అట్టాంటిది నాకూ కావాలమ్మా" అన్నాడు. ఆ పిల్ల నవ్వలేదు. షాపులో మూలపడ్డ కంప్యూటరూ, ఎవరో వదిలేసిన జాయ్‌స్టిక్కూ తెచ్చి బిగించిపోయింది. బెజవాడ నుంచి ఏలూరు దాకా దారంతా ఏ పుణ్యాత్ముడో ఆ ఆటలో కట్టిపెట్టాడు. బయట లేని యలమంద గేటు అందులో ఇంకా ఉందట. లేయా చెప్పింది. అతను మాత్రం అక్కడిదాకా ఒక్కసారీ చేరలేదు.

ఆట తెరిచింది మొదలు తెరంతా వణికేది. ఇంజను కిటికీ, పట్టాలు, కరెంటు స్తంభాలు, అన్నీ కలిసి గడగడలాడేవి. తల తిరిగి, బండి తేలప్రోలు చేరేలోపే ఆపేసేవాడు. నిన్న వాంతి కూడా అయింది. భార్య బుజ్జమ్మ నోరు కడిగించి, తేల్చి చెప్పింది.

"రేపు పొద్దుగూకేలోపు అది బాగయితే సరి. లేకపోతే లేయాకి తిరిగిచ్చేస్తా. పని నుంచి వస్తే పడుకోమని డాక్టరంటే రైళ్ళు తోలతావేంటయ్యా?"

అన్నాల వేళకి యలమంద చేతిలో గుడ్డ మడిచిపెట్టి, షావుకారు లక్ష్మీనరసింహారావు గారి ముందుకెళ్ళాడు.

"ఇంటికెళ్ళాలండీ."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందండీ. కంప్యూటర్ బాగుచేయించుకోవాలి."

అతని రైలాట సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. షావుకారు నవ్వాడు. ట్రేలు మోసేవాళ్ళూ నవ్వారు. "లారీ నిలబడి ఉంటే రైలు తోలుకుంటానంటావు! ఇప్పుడెళితే రేపు రానక్కర్లేదు యలమందా."

ఒంట్లో బాలేదని ఒక్క అబద్ధమాడితే ఆ షావుకారే ఆటో ఎక్కించి పంపేవాడు. యలమందకి ఆ సంగతి తెలుసు.

"సరేనండీ," అన్నాడు.

షెడ్డు దాటి ఎండలోకొచ్చాడు. భయమేస్తుందనుకున్నాడు గాని వెయ్యలేదు. కన్నతల్లి పోయిందని కబురొచ్చిన రోజున కూడా, వేరే మనిషి వచ్చేదాకా జెండా పట్టుకుని నిలబడ్డవాడు అతను. పని మధ్యలో వదిలేసి నడవటం ఎట్లా ఉంటుందో ఈ వయసులో తెలిసింది. బాగానే ఉంది.

బస్సెక్కి జంక్షన్లో దిగాడు. లేయా షాపు షట్టరు సగానికి దించి, అతన్ని స్కూటీ మీద ఎక్కించుకుని బాపులపాడులో ఇంటికి తీసుకొచ్చింది.

"ముందు ఊపు తీసేద్దాం బాబాయ్. బండి కదులుతుంటే ఇంజను ఊగినట్టుండాలని ఆటలో వాళ్ళే పెడతారు," అని సెట్టింగుల్లో ఏదో తగ్గించింది. వణుకు పోలేదు. బొమ్మ నాణ్యత తగ్గించింది. చెట్లు అట్టముక్కల్లా తయారయ్యాయి గాని వణుకు పోలేదు. వైర్లు పీకి మళ్ళీ పెట్టింది. అదే వణుకు.

"తెరే పోయిందేమో బాబాయ్."

గుమ్మంలోంచి బుజ్జమ్మ, "పోతే పోయింది, పట్టుకుపో తల్లీ," అంది.

"ఇంకోటేదన్నా చూడమ్మా," అన్నాడు యలమంద.

"అన్నీ చూశాగా."

"ఇంకోటి చూడు. నేను పనొదులుకుని వచ్చా."

బుజ్జమ్మ గభాల్న అతని వంక చూసింది. కొంగు దోపుకుని అక్కడే గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది.

లేయా ఆట మూసేసి చూసింది. తెర మీది అక్షరాలు వణకటం లేదు. అయితే తెరది కాదు తప్పు. మళ్ళీ ఆట తెరిచింది. బండి బెజవాడ ప్లాట్‌ఫారం మీద ఇంకా కదలకుండానే ఉంది, అయినా వణుకుతోంది. కాసేపు గోరు కొరుక్కుని, చటుక్కున జాయ్‌స్టిక్ వైరు లాగేసింది.

బొమ్మ రాయిలా నిలబడిపోయింది.

"దొరికింది!" లేయా కేకేసింది. ఆ కర్ర నెత్తిన బొటనవేలితో తిప్పే చిన్న బుడిపె ఉంది. అది తిప్పితే ఇంజనులోంచి అటూ ఇటూ చూడొచ్చు. బుడిపె అరిగిపోయి, ఎవరూ ముట్టుకోకపోయినా కుడివైపు చూడు, ఎడమవైపు చూడు అని తనే చెబుతోంది. "చిన్న చిన్న కదలికల్ని లెక్కచెయ్యొద్దని చెప్తున్నా దీనికి," అంటూ సరిచేసి మళ్ళీ తగిలించింది. బండి గుణదల దాకా నడిపి చూపించింది. నూనె మీద జారినట్టు పోయింది.

యలమంద మొహం విచ్చుకోలేదు. "ఇది బండిలా లేదమ్మా. ఇందాక తీసేసిన ఊపు మళ్ళీ పెట్టు."

"మళ్ళీ తల తిరుగుద్ది బాబాయ్!"

"తిరగనీ. ఇంజనన్నాక ఊగాలి. డ్రైవర్లంతా నా ముందునుంచి ఊగుతూనే పోయారు."

లేయా బుజ్జమ్మ వంక చూసింది. బుజ్జమ్మ, "పెట్టమ్మా, చెబితే వినే మనిషా," అంది.

లేయా వెళ్ళిపోయాక యలమంద బెజవాడ నుంచి మొదలుపెట్టాడు. ముస్తాబాద దాటింది. గన్నవరం దాటింది. ఇంజను తాపీగా, ఎడ్లబండి మీద కూర్చున్నట్టు ఊగుతోంది. పెదఅవుటపల్లి వచ్చేసరికి బుజ్జమ్మ పొయ్యి కట్టేసి వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

తేలప్రోలు దాటాక తల తిరిగింది.

యలమంద తెర వంక నిదానించి చూశాడు. స్తంభాలు నిలువుగానే ఉన్నాయి. పట్టాలు తిన్నగానే ఉన్నాయి. తిరుగుతున్నది తెర కాదు. ఇన్నాళ్ళూ తల తిప్పింది కూడా తెర ఒక్కటే కాదు. ఎడమ భుజం లోపల ఏదో బరువుగా దిగింది. ఒక్క మాటంటే చాలు, బుజ్జమ్మ ఆటో పిలుస్తుంది. మళ్ళీ ఆ ఆస్పత్రి, ఆ మంచం. అతను కర్ర ముందుకి నెట్టి వేగం పెంచాడు.

దూరంగా గేటు కనబడింది. యలమంద కూత వేశాడు. ఆపకుండా వేశాడు.

"అంత కూతెందుకయ్యా, ఇరుగుపొరుగు జడుసుకుంటారు!"

"జడుసుకోనీ. నా గేటిది."

"అదుగో, మన గది!" బుజ్జమ్మ ముందుకి వంగింది. "నేను క్యారేజీ తెచ్చి కూర్చునే అరుగు కూడా పెట్టాడయ్యా ఆ పుణ్యాత్ముడు!" అటూ ఇటూ బొమ్మ కార్లు, బొమ్మ లారీలు ఆగి ఉన్నాయి. రెప్పపాటులో అన్నీ వెనక్కిపోయాయి. "అయ్యో, కాసేపు ఆపకపోయావా? సరిగ్గా చూడనేలేదు."

"గేటు దగ్గర బండాగదే పిచ్చిదానా," అన్నాడు యలమంద. నవ్వుతున్నాడు. నుదుటి నిండా చెమట.

నూజివీడు స్టేషన్లో బండి కుదుపు లేకుండా ఆపాడు. బుజ్జమ్మ లోపలికెళ్ళి, గడ్డిలో మగ్గేసిన చిన్నరసం పండొకటి కడిగి పళ్ళెంలో తెచ్చింది. "షుగరని ఇన్నాళ్ళూ పెట్టలేదు. ఇవాళ తిను." అతను పండుని రెండు చేతులా పిసికి, ముచ్చిక దగ్గర కొరికి, మోచేతుల మీదుగా రసం కారుతుంటే తుడుచుకోకుండా తిన్నాడు.

బయట గాలి లేచింది. ఆరేసిన బట్టలు తేవటానికి బుజ్జమ్మ పెరట్లోకి వెళ్ళింది.

"రేపు ఏలూరు దాకా పోదామయ్యా," అంది అక్కణ్ణుంచి. "నేనూ కుర్చీ వేసుకుని కూర్చుంటా. వింటున్నావా?"

బట్టలు చంకన పెట్టుకుని వచ్చింది. యలమంద మెడ ముందుకి సాగి లేదు. కుర్చీకి ఆనుకుని ఉంది. ఆమె పిలిచింది. భుజం పట్టుకుని కుదిపింది. చేతిలో బట్టలు కింద పడిపోయాయి.

పళ్ళెంలో టెంక ఉంది. ఒక్క చుక్క రసం మిగల్చకుండా చీకిన టెంక. తెల్లబడ్డ పీచు ఇంకా తడిగానే ఉంది.