బిందె పక్కన కుర్చీ

రాజేంద్ర పొద్దున్నే స్టూడియో మెట్లెక్కి వచ్చి, చెప్పులు విడిచి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, ఆ తర్వాత నీరజని ఒక మాట అనేవాడు. ఆ మాట అన్నాకే సిస్టం ఆన్ చేసేవాడు. మదనపల్లెలో ఎవరి షాపు ఆనవాయితీ వాళ్ళది. కొందరు గుమ్మానికి నిమ్మకాయ కడతారు, కొందరు బోణీ డబ్బు కళ్ళకద్దుకుంటారు. రాజేంద్రది ఇది.

ఎందుకంటే నీరజకి కోపం వస్తే దగ్గర్లో ఉన్న నీళ్ళు చల్లబడతాయి. కొంచెం కోపానికి కుండలో నీళ్ళలా, ఎక్కువ కోపానికి పళ్ళు జివ్వుమనేలా. పుట్టినప్పటినించీ అంతే. చిన్నప్పుడు కుప్పంలో ఎండాకాలం వస్తే వీధిలోవాళ్ళు చెంబులు పట్టుకొచ్చి అరుగు మీద పెట్టి, “నిన్ను మీ అమ్మ సంతలో కొనుక్కొచ్చిందంట గదా” అని ఏడిపించి, చల్లటి నీళ్ళు గటగటా తాగి, మూతి తుడుచుకుని వెళ్ళేవాళ్ళు. ఆ పిల్లకి కోపం ఎందుకొచ్చిందో, వచ్చిన కోపం తగ్గిందో లేదో అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

రాజేంద్ర అడక్కపోగా దాని మీద వ్యాపారమే పెట్టాడు. అతని దగ్గర పెళ్ళి వీడియోలు తయారుచేసే పెద్ద సిస్టం ఉంది. పని ఎక్కువైతే అది పొయ్యిలా కాలిపోతుంది. అందుకని లోపల వేడెక్కే చోట్ల మీదుగా సన్న ట్యూబుల్లో నీళ్ళు తిరుగుతుంటాయి. చిన్న పంపు ఒకటి వాటిని తిప్పుతుంటుంది. వేడెక్కిన నీళ్ళు చల్లారడానికి బెంగుళూరులో అమ్మినవాడు ఫ్యాన్లున్న రేడియేటరు కూడా ఇచ్చాడు. రాజేంద్ర దాన్ని పీకి ఎవరికో అమ్మేశాడు. ట్యూబుల్ని గోడవారగా లాగి, నీరజ కుర్చీ పక్కనున్న స్టీలు బిందెలో ముంచాడు. కరెంటు ఖర్చు లేదు, చప్పుడు లేదు. మనిషిని పొద్దున్నే కాస్త రగిలిస్తే చాలు. ఆ తెలివిని ఏ పెంటదిబ్బలో పాతిపెట్టాలో గాని, దాంతో అతను మూడు ఊళ్ళ పెళ్ళిళ్ళు గుత్తకు పట్టాడు.

మొదట్లో పని బాగాలేదనేవాడు. నీరజ వీడియోలు జోడించడంలో దిట్ట, ఆ సంగతి ఆమెకీ తెలుసు, కాబట్టి ఆ మాట కొన్నాళ్ళకే పనికిరాకుండా పోయింది. తర్వాత ఆమె రంగు మీద అన్నాడు, కట్టుకున్న చీర మీద అన్నాడు, చచ్చిపోయిన మొగుడి మీద అన్నాడు. మనిషి దేనికైనా అలవాటు పడుతుంది. బిందెలో నీళ్ళు మళ్ళీ గోరువెచ్చనయ్యేవి. చివరికి అతనికి చాందిని దొరికింది.

చాందిని నీరజ కూతురు. మొగుడు పోయాక నీరజ పని కోసం మదనపల్లెకి వచ్చి, పాపని కుప్పంలో తల్లి గంగులమ్మ దగ్గర ఉంచింది. రాజేంద్ర కుప్పంలో బ్రాంచి తెరిచేటప్పుడు, “ఆడ సీటు నీదే నీరజా, కూతురి దగ్గర ఉందువు గానీ” అని నలుగురి ముందు అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె ప్రతి నెలా అడిగేది. అతను ప్రతి నెలా “వచ్చే నెల సూద్దాం” అనేవాడు. అతను కాదన్న రోజల్లా ఆమెకి ఒళ్ళు మండేది, ఒళ్ళు మండిన రోజల్లా సిస్టం చల్లగా నడిచేది. ఇంత సుఖం ఎదురుగా పెట్టుకుని ఆమెని కుప్పం పంపడానికి అతనికేమైనా పిచ్చా?

పంపు కాలిపోయింది సరిగ్గా పుంగనూరు పెళ్ళి ముందురోజు. పెళ్ళిమంటపంలో గోడంత ఎల్‌ఈడీ తెర కట్టారు. సాయంత్రం రిసెప్షన్‌కి దాని మీద పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ మేఘాల్లో తేలాలి, ఏనుగులు పూలు చల్లాలి. ఆ వీడియో మధ్యాహ్నానికల్లా తయారు కావాలి. రాజేంద్ర బామ్మర్ది దామోదర్ రాత్రికి రాత్రి బెంగుళూరు పోయి కొత్త పంపు తెచ్చాడు. తెచ్చాక చూస్తే కొత్త పంపు మూతులు లావు, పాత ట్యూబులు సన్నం. వాటిని కలిపే ముక్కలు తెప్పించాలంటే రెండు రోజులు పడుతుంది.

“ఏం పర్లేదు బావా. మా నాయనతో గుడుపల్లెలో డ్రిప్పు పైపులు ఎన్ని ఎక్కించలేదు! మరిగే నీళ్ళలో ట్యూబు కొస ముంచితే మెత్తబడతాది. అప్పుడు తిప్పతా తోసినామంటే లావు మూతికైనా ఎక్కుతాది,” అన్నాడు దామోదర్.

అతను కింద యశోదమ్మ టీకొట్టులో మరిగిన నీళ్ళు తేవడానికి దిగాడు. అప్పుడే రాజేంద్ర వచ్చాడు. చెప్పులు విడిచాడు, అగరొత్తి వెలిగించాడు, నీరజ వైపు తిరిగాడు. పంపు ఇంకా బల్ల మీదే ఉందన్న సంగతి అతనికి గుర్తే లేదు. నోరు దాని దారిన అది పోయింది.

“ఏం నీరజా, నీ కూతురు ఇప్పుడు మీ అమ్మనే అమ్మా అంటాండాదంట గదా. నిన్ను నీరజా అని పేరుపెట్టి పిలస్తాదంట.”

నీరజ చేతిలో మౌస్ ఆగిపోయింది. “ఎవరు చెప్పినారు?”

“నిన్న ఫోన్లో నువ్వే గదా మీ అమ్మతో చెప్పుకోని ఏడస్తాంటివి. మంచిదేలే, నీకూ బరువు తగ్గె.”

తన ఏడుపు కూడా ఇతని సరుకైపోయిందని తెలిసి ఆమెకి ముందు సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. అది రోజూ వచ్చేలాంటిది కాదు. కడుపులోంచి లేచి చెవుల దాకా వచ్చింది.

దామోదర్ మరిగే నీళ్ళ గిన్నెని గుడ్డతో పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. సగం మెట్లకి ఆవిరి ఆగిపోయింది. పైకొచ్చేసరికి నీళ్ళు వేలు పెడితే మొద్దుబారేంత చల్లగా ఉన్నాయి.

“బావా, యాల ఇప్పుడు అంటివి! పంపు ఇంగా బిగించనే లేదే!”

రాజేంద్ర నాలిక కరుచుకున్నాడు. కరుచుకుంటే ఏం లాభం, కింద నించి యశోదమ్మ కేకేసింది. “నీరజమ్మా, కొంచెం తగ్గమ్మా, పాలు పొంగడం లేదు.” బస్టాండు పక్క హోటలువాళ్ళు ఇడ్లీ ఉడకడం లేదని ఫోన్ చేశారు. దామోదర్ లైటరు వెలిగించి ట్యూబు కొసని కాల్చి చూశాడు. అది నల్లబడి, ముడుచుకుని, ఊడి కిందపడింది. ఇంకొక్కసారి అలా చేస్తే ట్యూబు పొడవు చాలదు.

“నీరజా, కొంచెంసేపు అట్ల బయటికి పొయ్యిరా. కలికిరి బస్సెక్కి అట్లే తిరిగిరా,” అన్నాడు రాజేంద్ర.

“నేను లేవను.”

“ఏంది?”

“ఈ కుర్సీలోనే గదా నన్ను కూర్సోబెట్టింది. ఈడనే కూర్సుంటా.”

రాజేంద్ర అప్పుడు తియ్యగా మాట్లాడాడు. తప్పైపోయిందమ్మా అన్నాడు, నువ్వు నా చెల్లెల్లాంటిదానివన్నాడు, దామోదర్‌ని పంపి పాలకోవా తెప్పించాడు. ప్రతి మాటకీ గిన్నెలో నీళ్ళు ఇంకాస్త చల్లబడ్డాయి. పుంగనూరు నించి పెళ్ళివారి ఫోన్లు మొదలయ్యాయి. అతని మొహాన చెమట పట్టింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అతను ఆమెని అడగవలసిన మాట అడిగాడు.

“నీకేం కావాలో సెప్పు తల్లీ.”

“తెలీదా నీకు? కుప్పం. ముందు ఫోన్ చెయ్. నా ముందరే చెయ్. స్పీకర్ పెట్టు.”

రాజేంద్ర కుప్పం బ్రాంచి చూసే చెంగయ్యకి ఫోన్ చేశాడు. రేపటినించి నీరజ అక్కడే పనిచేస్తుందని చెప్పాడు.

“పంపించండి సార్,” అన్నాడు చెంగయ్య. “కుర్సీ ఖాళీగానే పడుండాది. మనిషి కావల్ల, మనిషి కావల్ల అని ఎన్నాళ్ళనించో మొత్తుకుంటా ఉండాను గదా.”

గిన్నె అంచుకి మంచు పట్టింది. దామోదర్ చేతులు జోడించాడు. “అమ్మా, అమ్మా, ఆ ముసిలాయన నోరు ఊరుకోదు. ఓర్సుకోమ్మా. పాపని తలుసుకో. రేప్పొద్దున నువ్వే జడేసి బడికి పంపిస్తావు గదా.”

నీరజ కళ్ళు మూసుకుంది. చాందిని జుట్టు ఉంగరాలు తిరిగి ఉంటుంది, చిక్కు తీస్తుంటే ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. ఆ అరుపు రేపు పొద్దున తను వింటుంది. అనుకోగానే గుండెలో ఏదో వదులైంది. ఒక్క ఫోనుకి ఇంత మెత్తబడిపోయానేమిటని తన మీద తనకే చిరాకేసింది గాని, సంతోషం ఆగలేదు. కింద యశోదమ్మ పాలు ఒక్కసారిగా పొంగి పొయ్యి మీద పడ్డాయి.

దామోదర్ పరిగెత్తి మళ్ళీ నీళ్ళు తెచ్చాడు. ఈసారి ఆవిరి పోతూనే ఉంది. ట్యూబు కొస అందులో ముంచి, మెత్తబడ్డాక పటకారు మూతి దూర్చి కాస్త సాగదీసి, పంపు మూతికి పెట్టి మెలితిప్పుతూ తోశాడు. పళ్ళు బిగబట్టాడు, మెడ నరాలు తేలాయి. కొంచెం కొంచెంగా ఎక్కింది. క్లిప్పు బిగించాడు. రెండో ట్యూబూ ఎక్కింది. పంపు గుర్రుమని నీళ్ళు లాగింది. సిస్టం లేచింది, తెర మీద మేఘాలు కదిలాయి.

అయితే నీరజ సంతోషంగా ఉంది. బిందెలో నీళ్ళు వేడెక్కుతున్నాయి. తెర మూలన వేడి అంకె పసుపు దాటి ఎరుపుకి వచ్చింది. సిస్టం నత్తనడక నడుస్తోంది, ఇలాగైతే పెళ్ళికూతురు మేఘాల్లోకి చేరేది రేపటికి. రాజేంద్ర అంకె వైపు చూశాడు, బిందె వైపు చూశాడు, నీరజ వైపు చూశాడు. ఆమె సంచిలో టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది.

“బావా, వద్దు,” అన్నాడు దామోదర్.

రాజేంద్ర లైటు వేసినంత తేలిగ్గా అన్నాడు. “కుప్పం లేదు గిప్పం లేదు. చెంగయ్యకి సాయంత్రం ఫోన్ చేసి చెప్తాలే. కూర్సోని పని సూడు.”

నీరజ సంచి కింద పెట్టింది. ఒక్క క్షణం బిందె మూలిగింది. నీళ్ళ మీద తెల్లటి పొర కట్టింది. ఆ తెలుపు ట్యూబుల్లోకి ఎక్కి, గోడవారగా పాకి, సిస్టం దాకా పోయింది. దామోదర్ అంత కష్టపడి ఎక్కించిన చోట ట్యూబు సాగి సాగి బిగుసుకుని ఉంది. లోపల గడ్డకట్టిన నీళ్ళకి చోటు చాలలేదు. పంపు మూతి టప్పున పగిలింది. మేఘాలు ఆగిపోయి తెర నల్లబడింది. కింద యశోదమ్మ గిన్నెలో గడ్డకట్టిన పాలని గరిటెతో ఒకసారి తట్టి చూసి, స్టవ్ కట్టేసి, “ఇంగ ఈ పొద్దుకి టీ లేదు, పోండప్పా” అంది.

“ఎంత పని చేసినావే!” రాజేంద్ర నెత్తి కొట్టుకున్నాడు.

“నేను చేసినానా?” నీరజ లేచి నిలబడింది. “రోజూ పొద్దున్నే నా నోట్లో నిప్పు పోసింది ఎవరు సార్? నా కూతుర్ని నాకు దూరం పెట్టి, ఆ ఏడుపుతో నీ మిషన్ నడుపుకుంటివి. నీ ఇంట్లో ఎవరన్నా ఒక్క పూట ఇట్ల కూర్సుంటారా ఈ బిందె పక్కన? మీ ఆడోళ్ళని కూర్సోబెట్టు, సూద్దాం!”

దామోదర్ తల వంచుకున్నాడు. అతని అక్కే రాజేంద్ర భార్య.

రాజేంద్ర పగిలిన పంపుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి బల్ల మీద పడేశాడు. అతని మొహంలో పశ్చాత్తాపం లాంటిదేమీ లేదు. పాడైన సామాను ఎక్కడ పారేయాలా అని ఆలోచించే మనిషి మొహం అది.

“ఇంగ నీతో నాకేం పని? ఇంత కోపం నేను భరించలేను. పో, ఆ కుప్పానికే పో. చెంగయ్య దగ్గర ఆల్బములకి జిగురు పూసుకుంటా పడుండు.”

ఇన్నేళ్ళు బతిమాలినా దొరకనిది, తను అతని అక్కరకి రాకుండా పోయాక దొరికింది. ఆ మాటకి ఆమెకి ఇంకా మండింది. నీ దయ అక్కర్లేదు పొమ్మని అతని మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. కుప్పంలో సీటు అతని దయ కాదు, ఎప్పుడో ఆమెకి రావలసింది. సంచి తీసుకుని మెట్లు దిగింది. దామోదర్ వెనకాలే వచ్చి బస్సు దాకా సాగనంపాడు.

బస్సు పుంగనూరులో పెళ్ళిమంటపం ముందు కాసేపు ఆగింది. లోపల గోడంత తెర నల్లగా నిలబడి ఉంది. దాని ముందు పిల్లలు దొంగాట ఆడుకుంటున్నారు. జనం బంతుల్లో కూర్చుని తింటున్నారు, పెళ్ళికూతురు ఎవరో అన్న మాటకి పగలబడి నవ్వుతోంది. మేఘాలు లేవని, ఏనుగులు రాలేదని ఎవరూ వెతుక్కోవడం లేదు. దీనికోసమా నా బిడ్డని అడ్డం పెట్టుకున్నాడు అనుకుంది నీరజ. పలమనేరు దాటేదాకా ఆమె పిడికిలి విడలేదు.

కుప్పంలో ఇల్లు చేరేసరికి గంగులమ్మ పాపకి అన్నం పెడుతోంది. చాందిని కంచం ముందు నించి లేవకుండా తల్లిని ఎగాదిగా చూసింది.

“రేపు ఏ బస్సుకి పోతావు?”

“పోను.”

“ఎల్లుండా?”

“పోను చాందినీ. ఇంగ ఈడనే.”

చాందిని చెయ్యి కడుక్కుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అక్కడ విడిచిన నీరజ చెప్పులు రెండూ చంకలో పెట్టుకుని లోపలికి పోయి, బియ్యం డ్రమ్ము మూత తీసి, బియ్యంలో లోతుగా పాతిపెట్టి, మూత గట్టిగా నొక్కి, దాని మీదెక్కి కూర్చుంది.