షీటులో లేని పేరు

"అంచులు గట్టిగా నొక్కవే అమ్మాయ్, లేకపోతే నీళ్ళలో పడగానే విచ్చుకుంటాయి," అంది మా అత్తగారు.

ఈ మాట ఆవిడ మొదటిసారి నా పెళ్ళయిన వారానికి అంది. ఇరవై మూడేళ్ళయింది. ఈ చేతులతో నేను చేసిన పెరోగీలు, అదే బంగాళాదుంప కూరి నీళ్ళలో ఉడికించే కజ్జికాయలు, వరసగా పేరిస్తే కెనడాలో మా పల్లె విల్లో ఫోర్క్ నుంచి సాస్కటూన్ పట్నం దాకా వస్తాయేమో. అయినా ఆవిడ కంటికి నా అంచులు ఇంకా వదులే. ఊరంతా ఆవిడని బాబా అంటారు, ఉక్రేనియన్‌లో నాయనమ్మ అని, నేనూ అలాగే పిలుస్తాను. "అలాగే బాబా," అన్నాను. అలాగే అనడానికి ఒంట్లో సత్తువ అక్కర్లేదు. మిగతా అన్నిటికీ కావాలి.

మా ఊరి ఐస్ హాకీ రింకు వంటగదిలో పొద్దున్న ఆరింటి నుంచి నిలబడే ఉన్నాను. మే నెల. మామూలుగా అయితే ఈపాటికి మంచు కరిగించి, రింకుకి తాళం వేసి, మగవాళ్ళు విత్తనాలు చల్లుకోవడానికి పొలాలకి పోయేవాళ్ళు. ఈ ఏడు జాతీయ జూనియర్ ఐస్ హాకీ ఛాంపియన్‌షిప్ మా ఊరికొచ్చింది. దేశం నలుమూలల నుంచి పది జట్లు, వాళ్ళ అమ్మానాన్నలు, టీవీ వాళ్ళు. దీన్ని మా ఊరికి తేవాలని మగవాళ్ళు పదేళ్ళపాటు కాఫీ తాగుతూ కలలు కన్నారు. మేం ఆ కప్పులు కడిగాం. ఇప్పుడు కమిటీలో పదకొండు మంది మగవాళ్ళు, వంటగదిలో పద్నాలుగు మంది ఆడవాళ్ళం. ఇలా ఎవరు పంచారని అడిగితే ఎవరికీ గుర్తులేదు.

నా చోటు వంటగది కాదు, స్కోరర్ బాక్సు. రెండు పెనాల్టీ బాక్సుల మధ్య ఇరుకు గది, మోకాళ్ళ దగ్గర చిన్న హీటరు, ఎదురుగా అద్దం, ఒళ్ళో షీటు. ఏ నిమిషంలో గోల్ పడింది, ఎవరు కొట్టారు, ఎవరు అందించారు, ఎవరిని ఏ తప్పుకి బయట కూర్చోబెట్టారు, అన్నీ రాసేది స్కోరర్. ఆ బాక్సులో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టకూడదు, కేక వెయ్యకూడదు. మా అబ్బాయి డానిలో మొదటి గోల్ కొట్టిన రోజు ఊరంతా లేచి నిలబడితే, వాణ్ణి కన్న నేను తల వంచుకుని వాడి జెర్సీ నంబరు 'పదకొండు' అని రాశాను. అంకె వంకర పోలేదు. ఇంటికొచ్చాక కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చాను. సంతోషంతోనే.

కాగితాల ప్రకారం ఆ కుర్చీ మా ఆయన ఒరెస్ట్‌ది. లీగు వాళ్ళు నియమించింది తననే. మూడు ఆటలు కూర్చున్నాడో లేదో, కాళ్ళు గడ్డకట్టుకుపోతున్నాయనీ, నోరు మూసుకుని ఆట చూడటం తన వల్ల కాదనీ, "ఇవాళ్టికి నువ్వు కూర్చో," అన్నాడు. ఆ ఇవాళ పందొమ్మిదేళ్ళు సాగింది. స్కూల్లో లైబ్రరీ పని అయ్యాక, డానిలోకి తిండి పెట్టాక, బాబాకి మందులిచ్చాక, మైనస్ ముప్పైలో కారు స్టార్ట్ చేసుకుని వెళ్ళి కూర్చునేదాన్ని. ఒరెస్ట్ మెట్ల మీద స్నేహితుల మధ్య కూర్చుని రిఫరీని తిట్టేవాడు. ఆట అయ్యాక షీటు కింద నేను 'ఒ. మెల్నిక్' అని సంతకం పెట్టేదాన్ని, తన పేరు మీదే రిజిస్టర్ అయింది కాబట్టి. పేరు మార్పిద్దామని ఒకసారి అన్నాను. "ఎవరి పేరుంటే ఏంటి, మనిద్దరం ఒకటే కదా," అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే, ఇంక అడిగితే నాదే తప్పన్నట్టుంటుందని ఊరుకున్నాను.

పోయిన చలికాలం టీవీ వాళ్ళొస్తారని ఖాయమైన రోజు, బూట్లు విప్పుకుంటూ అన్నాడు. "ఈ టోర్నమెంటుకి బాక్సులో నేను కూర్చుంటాను లరిస్సా. కాగితం మీద నా పేరుంది. నువ్వు కూర్చుంటే బయటివాళ్ళు అడుగుతారు, బావుండదు." 

నేను ఆ బూట్ల కింద కరిగిన మంచు తుడుస్తున్నాను. 

"పైగా నువ్వు లేకపోతే ఆ వంటగది నడుస్తుందా చెప్పు?" 

మెచ్చుకోలు రూపంలో వచ్చే పనులు ఇన్నేళ్ళలో చాలా చూశాను. ఇదీ వాటిలో ఒకటి.

నేర్పమంటే రెండు సాయంత్రాలు నేర్పాను కూడా. పాత షీట్లు బల్లమీద పరిచి చెబుతుంటే తను ఫోను చూసుకుంటూ ఊ కొట్టాడు. "వార్మప్పులో పిల్లలు మంచు మీదికొస్తారు చూడు, అప్పుడు ఒక్కో జెర్సీ నంబరూ షీటుతో సరిచూసి పక్కన చిన్న చుక్క పెట్టు," అన్నాను. 

"చుక్కా?" అని నవ్వాడు. "అలా పెట్టాలని ఏ రూల్లో ఉంది?" 

"రూల్లో లేదు. పెట్టు." 

"అంకెలేగా లరిస్సా. నేను రోజూ ట్రాక్టర్లు అమ్మే లెక్కలు చూస్తాను."

మొదటి రోజు విందులో ఒరెస్ట్‌కి ఫలకం ఇచ్చారు. పందొమ్మిది సీజన్లు ఒక్క ఆట కూడా మానకుండా స్కోరర్‌గా సేవ చేసినందుకు. మైకు పట్టుకుని, "నేను రింకు నుంచి ఇంటికెళ్ళేసరికి భోజనం వేడిగా ఉంచిన మా ఆవిడకి థాంక్స్," అన్నాడు. అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నేను క్యాబేజీ చుట్టల ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. చేతులు ఖాళీ లేవు కాబట్టి నేను కొట్టలేదు. కార్లో, "ఆ ఫలకం..." అని మొదలుపెట్టానో లేదో, "అబ్బా, ఇప్పుడు అది మొదలుపెట్టకు. గోడకి తగిలిస్తే ఇద్దరిదీ కాదా?" అన్నాడు. దుమ్ము తుడిచేటప్పుడు మాత్రం నా ఒక్కదానిదే అవుతుంది, నాకు తెలుసు. కానీ కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త ఓపిక మిగలాలి. మర్నాటికి అరవై డజన్ల పెరోగీలున్నాయి. నిద్రపోయాను.

ఇవాళ మధ్యాహ్నం మా జట్టుకి లీగు దశలో ఆఖరి ఆట. గెలిస్తే నేరుగా సెమీఫైనల్, ఓడితే రేపు ఇంకో ఆట ఆడి నెగ్గుకు రావాలి. వంటగది కిటికీలోంచి మంచు కనిపిస్తుంది. ఆట ముందు రెండు జట్ల పేర్ల షీటు నకలు ఒకటి ఎవరో కాఫీకొచ్చి కిటికీ పక్కన వదిలేశారు. వార్మప్ మొదలైంది. నా చేతులు పిండిలో ఉన్నాయి, కళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఏడు. తొమ్మిది. పద్నాలుగు. పిండి అంటిన వేలితోనే ఒక్కో నంబరు పక్కనా చుక్క పెడుతున్నానని కాసేపటికి గాని తెలీలేదు. ఇరవై ఎనిమిది దగ్గర వేలు ఆగిపోయింది. మంచు మీద ఇరవై ఎనిమిది ఉంది. షీటులో లేదు.

ఆ జెర్సీ నాకు బాగా తెలుసు. మొన్న మా కుర్రాడొకడికి భుజం ఎముక విరిగితే, వాడి బదులు కింది జట్టు నుంచి ఎమెట్ లారోక్ అనే పదహారేళ్ళవాణ్ణి పిలిపించారు. ఉన్న జెర్సీ వాడికి మోకాళ్ళ దాకా వచ్చింది. నిన్న మధ్యాహ్నం దాని అంచు మడిచి, వీపు మీద పేరు కుట్టింది నేనే. జట్టు మేనేజరు మొన్నటి ఆట షీటు చూసి రాస్తూ, దెబ్బ తగిలినవాడి పేరు తీసేశాడు, వీడిది కలపడం మర్చిపోయాడు. కోచ్ చదవకుండా సంతకం పెట్టాడు. ఇలాంటివి ఏడాదికి రెండు మూడుసార్లు జరుగుతూనే ఉంటాయి. నేను చుక్క పెడుతూ పట్టుకునేదాన్ని, మేనేజర్ని పిలిచి రాయించేదాన్ని, ఆట మొదలయ్యేది. ఎవరికీ తెలిసేది కాదు. నా పని సరిగ్గా జరిగితే ఏమీ జరగదు, అదే దాంతో చిక్కు. జరక్కపోతే మాత్రం, షీటులో పేరు లేనివాడు కొట్టిన గోల్ గోల్ కాదు. వాడు మళ్ళీ ఆ ఆటలో మంచు మీదికి రాకూడదు.

ఏప్రన్‌తోనే పరిగెత్తాను. ఒరెస్ట్ కొత్త టై కట్టుకుని బాక్సులో కూర్చున్నాడు. వెనక తలుపు తట్టాను.

"ఒరెస్ట్, ఇరవై ఎనిమిది షీటులో లేడు. ఆ లారోక్ కుర్రాడు. చూడు ఒకసారి."

"లరిస్సా, ఎదురుగా కెమెరా ఉంది. ఆ చేతులేంటి, మొహం మీద పిండేంటి?"

"మేనేజర్ని పిలువు. ఒక్క నిమిషం పని."

"కోచ్ సంతకం పెట్టాడు. తప్పుంటే పెడతాడా? అందరి ముందూ నాకు పాఠాలు చెప్పకు." అంతలో గొంతు తగ్గించి, "చూస్తాలే. నువ్వెళ్ళు, అక్కడ నీళ్ళు మరిగిపోతుంటాయి," అని తలుపు వేశాడు.

నేను నేరుగా రిఫరీ గదికి వెళ్ళగలను. కోచ్‌ని చొక్కా పట్టుకుని ఆపగలను. నడవాలో నిలబడి అవన్నీ ఆలోచించాను. వెళ్ళలేదు. ఆ మాట దాచను. చూస్తానన్నాడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను, చూడడని తెలిసి కూడా. ప్రతిసారీ తనకి తెలీకుండా తన వెనకాల సర్దిపెట్టి, మళ్ళీ తనే సర్దాడన్నట్టు చప్పట్లు వినే ఓపిక ఆ క్షణంలో నాకు లేదు. తిరిగొచ్చి పెరోగీల ముందు నిలబడ్డాను.

"ఎక్కడికెళ్ళావ్?" అంది బాబా. 

"ఎక్కడికీ లేదు." 

ఆవిడ నా మొహం చూసింది, కిటికీ పక్కన పిండి చుక్కల కాగితం చూసింది.

ఆట సమంగా నడిచింది. ఆఖరి పీరియడ్, రెండు రెండు. ఇంకా నాలుగు నిమిషాలున్నాయనగా మూల నుంచి జారి వచ్చిన పక్ బిళ్ళని ఇరవై ఎనిమిది ఒక్క దెబ్బతో గోల్‌కీపర్ భుజం మీదుగా లోపలికి కొట్టాడు. రింకు కప్పు లేచిపోయింది. వంటగదిలో ఆడవాళ్ళు గరిటెలు ఎత్తి అరిచారు. ఆ కుర్రాడు రింకు చుట్టూ ఉన్న అద్దం మీదికి ఎగిరి రెండు చేతులూ చాపాడు. జాతీయ టోర్నమెంటులో వాడి మొదటి ఆట, మొదటి గోల్. నా కళ్ళు మాత్రం స్కోరర్ బాక్సు మీదికి పోయాయి.

అవతలి కోచ్ తన దగ్గరున్న షీటు నకలు చూపిస్తూ చెయ్యెత్తి రిఫరీని పిలిచాడు. రిఫరీ స్కోరర్ బాక్సు దగ్గరికెళ్ళాడు. అంత దూరం నుంచి కూడా ఒరెస్ట్ వేలు షీటు మీద పైకీ కిందికీ వెతుక్కోవడం కనిపించింది. లేని పేరు ఎంత వెతికితే దొరుకుతుంది. రిఫరీ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. గోల్ లేదు. కుర్రాణ్ణి బయటికి పొమ్మన్నాడు. రెండు నిమిషాల తర్వాత అవతలివాళ్ళు కొట్టారు, ఓడిపోయాం.

ఎమెట్ మా వంటగది తలుపు ముందునుంచే బట్టలగదికి వెళ్ళాలి. స్కేట్లతో టకటకమని వస్తూ నన్ను చూసి ఆగాడు. ఏడుపు బిగబట్టుకున్నట్టున్నాడు. "మిసెస్ మెల్నిక్, మీరు ఆ బాక్సులో ఉండి ఉంటే నా పేరు ఉండేది కదండీ," అన్నాడు. నిష్ఠూరం కాదు, ఊరికే అడిగాడు. ఆటగాళ్ళకి ఎప్పుడూ తెలుసు ఆ కుర్చీలో ఎవరుంటారో. 

"ఉండేది నాన్నా," అన్నాను. నా అలసటకి మూల్యం వీడు చెల్లించాడు. ఆ సిగ్గు నాది, ఒరెస్ట్ మీదికి నెట్టను.

పావుగంట కాకముందే ఒరెస్ట్ వచ్చాడు. వెనకాలే టోర్నమెంట్ పర్యవేక్షకురాలు జినెట్, చేతిలో షీటుతో. దేశం తూర్పు వైపు నుంచి వచ్చిన మనిషి, పొట్టి జుట్టు, తక్కువ మాటలు. ఒరెస్ట్ టై వదులైంది. నాకేసి చూడకుండా చెప్పాడు. 

"పేర్లు సరిచూసే పని ఎప్పుడూ మా ఆవిడే చేస్తుందండి. నాకు సాయంగా. ఇవాళ వంట హడావిడిలో మర్చిపోయినట్టుంది." అప్పుడు నా వైపు తిరిగి, పాత ప్రేమ గొంతుతో, "అంతే కదా లరిస్సా? పర్లేదులే, నీ మీదికి ఏమీ రాదు. చెప్పెయ్," అన్నాడు.

వంటగదిలో పద్నాలుగు జతల చేతులు ఆగిపోయాయి. అవునంటే అయిపోతుంది. ఫలకం గోడకెక్కుతుంది, ఇంట్లో శాంతి ఉంటుంది, రేపటి ఆటకి తనే మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటాడు, నేను ఇక్కడ నిలబడతాను. అవుననడం నాకు అలవాటే. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"మీరు ఈ షీటు సరిచూశారా?" అడిగింది జినెట్.

"లేదు," అన్నాను. "పందొమ్మిదేళ్ళుగా ఆ బాక్సులో కూర్చుని సరిచూసింది నేనే, ఈ టోర్నమెంటుకే కూర్చోలేదు."

ఆమె షీటు కింద ఒరెస్ట్ సంతకం చూసింది. గోడ మీద, ఈ ఊరి గొప్పలని అద్దం కట్టి పెట్టిన పాత ఆటల షీట్ల దగ్గరికెళ్ళి వాటి కింద సంతకాలు చూసింది. తొందరపడలేదు. తిరిగొచ్చి, "అవన్నీ మీరు రాసినవేనా?" అంది. 

"నేనే. పేరు తనది. చెయ్యి నాది." 

ఒరెస్ట్, "లరిస్సా, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అన్నాడు. ఇంటికెళ్ళాక మేం ఏదీ మాట్లాడుకోలేదు ఎప్పుడూ.

"రేపు ఆట రెండింటికి," అంది జినెట్. "స్కోరర్ ఒంటిగంటకల్లా బాక్సులో ఉండాలి. ఎవరొస్తున్నారో, ఏ పేరుతో వస్తున్నారో సాయంత్రంలోపు రాసివ్వండి." షీటు మడుచుకుని వెళ్ళిపోయింది.

నేను ఏప్రన్ ముడి విప్పాను. పొద్దున్న లాగి కట్టిన ముడి, కాసేపు పట్టింది. దాన్ని ఒరెస్ట్ చేతిలో పెట్టాను.

"రేపు ఒంటిగంటకి నేను బాక్సులో ఉంటాను, నా పేరుతో," అన్నాను. "ఇంకా నలభై డజన్లున్నాయి. అంచులు గట్టిగా నొక్కు, లేకపోతే నీళ్ళలో పడగానే విచ్చుకుంటాయి. ముందు చేతులు కడుక్కో."

ఒరెస్ట్ వాళ్ళమ్మ వైపు చూశాడు. బాబా పక్కనున్న స్టూలు మీది పిండి ఏప్రన్ కొసతో తుడిచి, తన వైపుకి లాక్కుంది, కొడుకు కూర్చోవడానికి.