ఫోటోలో ఎడమనుంచి రెండో మనిషి

"చీజు ముక్కలు ఇంకాస్త సన్నగా కొయ్యమ్మా. నీ చేతిలో ఆ పనితనం ఉంది" అన్నారు డైరెక్టరుగారు, లైబ్రరీ హాలు గుమ్మంలోంచే.

పొద్దున ఇంట్లో ఆరుగురికి వండి, అత్తగారి మాత్రలు డబ్బాలో సర్ది, బస్సులో నిలబడి వచ్చాను. ఇక్కడా చేతిలో చాకే. ఆ సాయంత్రం మహిళల చరిత్ర వారోత్సవాల ముగింపు. గోడల నిండా పాత ఫోటోలు, మధ్యలో వైన్ రుచి చూసే బల్లలు. ఏ వైన్ పక్కన ఏ తిండి బావుంటుందో చెప్పడానికి ఒకావిడ వచ్చింది. ఫోటోల కింది రాతలన్నీ నావే. నాలుగు నెలలు, భోజనాల వేళ, పాత కాగితాల గదిలో దగ్గుతూ రాశాను. ఆ సంగతి చెబితే మా ఆయన, "చచ్చిపోయిన ఆడాళ్ళ మీదున్న శ్రద్ధ బతికున్న మొగుడి మీద లేదు" అని తన జోక్‌కి తనే నవ్వుకున్నాడు. అత్తగారు నవ్వలేదు. "ఉద్యోగం మానమన్నామా? కూర మాడకుండా చూసుకోమన్నాం, అంతేగా" అంది.

అతిథులు వచ్చారు. "ఈ చరిత్రను తవ్వి తీస్తున్నప్పుడు నాకు కన్నీళ్ళాగలేదు" అని డైరెక్టరుగారు మైకులో నా వాక్యాలు చదువుతుంటే, నేను ట్రే పట్టుకుని తిరుగుతున్నాను. వైన్ పోస్తున్నావిడ నన్ను ఆపి ఒక గ్లాసు చేతికిచ్చింది.

"తాగి చెప్పండి, మీకేం తెలుస్తోంది?"

ఉప్పు సరిపోయింది అనబోయి నాలుక కరుచుకున్నాను. పద్దెనిమిదేళ్ళుగా ఏది నోట్లో వేసుకున్నా, ఇంకొకరికి నచ్చుతుందా లేదా అనే చూశాను. మళ్ళీ ఒక గుక్క తాగాను.

"వగరు. నాకు నచ్చింది."

"అమ్మా, ఆ మూల ప్లేట్లు ఖాళీ!" డైరెక్టరుగారు.

ద్రాక్ష పిండే గానుగ దగ్గర నిలబడ్డ పన్నెండుమంది ఆడవాళ్ళ ఫోటో ముందు ఒక పెద్దావిడ ఆగిపోయింది. "ఎడమనుంచి రెండో ఆమె ఎవరండీ? మా అమ్మమ్మలాగే ఉంది."

"అజ్ఞాత శ్రామికురాలండీ. అలాంటి వాళ్ళెందరో!" అన్నారాయన గంభీరంగా.

అజ్ఞాతమేం కాదు. పని గంటలు తగ్గించమని వాళ్ళు పెట్టుకున్న అర్జీ కింద, వంకరటింకర అక్షరాలతో ఉన్న మొదటి సంతకం ఆమెదే. ఫోటోతో పోల్చి ఆ పేరు పట్టుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. పేరు రాసిచ్చాను కూడా. "ఈ పేర్లన్నీ ఎవరు చదువుతారమ్మా" అని ఆయనే కొట్టేశారు.

కాళ్ళు పీకుతున్నాయి. ఎప్పటిలా తల దించుకుని వెళ్ళిపోవడమే తేలిక. వెళ్ళలేదు.

"కాస్త ఇది పట్టుకోండి సార్" అని ట్రే ఆయన చేతుల్లో పెట్టాను. పెద్దావిడ దగ్గరికి వెళ్ళి ఆ పేరు చెప్పాను. అర్జీలో ఏముందో చెప్పాను. ఆ మర్నాడే ఆమెని పనిలోంచి తీసేశారని కూడా చెప్పాను.

పెద్దావిడ ఫోటో అద్దం మీద అరచెయ్యి ఆనించింది. "మా అమ్మమ్మే. పని చేతకాక మానేసిందని చెప్పేవాళ్ళమ్మా మాకు."

అందరూ మా చుట్టూ చేరారు. అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన.

"ఇంకా ఎంతసేపు? ఇక్కడ అందరం ఆకలితో కూర్చున్నాం."

"వండుకు తినండి" అన్నాను. "ఈ ఫోటోలో నేను పేరు చెప్పాల్సిన ఆడవాళ్ళు ఇంకా పదకొండు మంది ఉన్నారు."