అడుగున మిగిలిన పిండి

నేను ఒక రుబ్బురోలుని. విశాఖపట్నం పాత ఊళ్ళో, ఓడరేవు వెనక సందులో, సూరమ్మగారి పెరట్లో పాతుకుపోయి బతికాను. నన్ను ఏ కొండ నుంచి తెచ్చారో గుర్తు లేదు కానీ గుంట తొలిచిన ఉలి దెబ్బలు మాత్రం ఇంకా గుర్తున్నాయి.

మా సందు మొదట్లో నిలబడితే మూడు కొండలు కనిపిస్తాయి. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. ఆ మూడింటికీ వెళ్ళే ఆడవాళ్ళంతా పప్పు నానబోసుకుని నా దగ్గరికే వచ్చేవారు. పెంకుల మీంచి ఉప్పుగాలి, అరుగుల మీద ఎండుచేపల వాసన, రేవులో ఓడ కూత, నా చుట్టూ ఊసుపోని కబుర్లు. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం మానేసిందో అందరికంటే ముందు నాకే తెలిసేది.

పెరటి చివరి గదిలో దాలమ్మ ఉండేది. ఆమె భర్త రేవులో కళాసీ. బస్తాలు మీద పడి పోయాడు. పిల్లల్లేరు. ఆయాసంతో ఏ పనికీ నిలవలేకపోయేది. పస్తులైనా ఉండేది గానీ ఎవరైనా గిన్నెలో ఏదైనా తెస్తే తలుపు వేసుకునేది. సూరమ్మగారు ఆలోచించి ఒకరోజు అంది:

"ఒలే దాలీ, ఈ రోలు కడగలేక నా నడుం పడిపోతంది. నువ్వు కడిగెట్టు. అడుగునంటుకున్న పిండి కడిగినోలదే."

"కూలికైతే సరే. ధరమానికైతే నానొల్లను," అంది దాలమ్మ.

ఆ రోజు నుంచి వీధి ఆడవాళ్ళందరికీ చేతి నొప్పులు పట్టుకున్నాయి. ఎవరూ అడుగుదాకా ఊడ్చి తీసుకోలేకపోయేవారు! ఒకరి గారెల పిండి, ఒకరి అట్ల పిండి, ఒకరి పెసరపిండి, అన్నీ పిడికెడు పిడికెడు మిగిలిపోయేవి. దాలమ్మ అన్నీ కలిపి ఒకే అట్టు పోసుకునేది. మా వీధి మొత్తం ఆ పెనం మీద కాలేది. అందరికీ సంగతి తెలుసు, దాలమ్మకీ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. మనుషుల తెలివి మీద నాకు అంత గౌరవం లేదు కానీ, ఆ నాటకం మాత్రం నాకు ఇష్టం.

తర్వాత ఇళ్ళల్లోకి మిక్సీలొచ్చాయి. కొందరు ఊరి చివరి ఫ్లాట్లకు వెళ్ళిపోయారు, వాళ్ళ ఇళ్ళు గోడౌన్లయ్యాయి. సూరమ్మగారు పోయింది. చివరికి నా దగ్గరికి వచ్చేది పక్కింటి జైబున్నీసా ఒక్కతే. ఆమె ఇంట్లోనూ మిక్సీ ఉంది. అయినా పొద్దున్నే వచ్చి, ఇంట్లో ఆడించుకొచ్చిన పిండినే నాలో పోసి, పొత్రం నాలుగు తిప్పులు తిప్పి, గిన్నెలోకి తీసుకుని, పిడికెడు వదిలి వెళ్ళేది.

ఒక ముసురు పొద్దున ఆమె ఇంకా అక్కడ ఉండగానే దాలమ్మ కడగడానికి వచ్చి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది. రోట్లో రుబ్బిన పిండి చల్లగా ఉంటుంది, మిక్సీలో ఆడించింది వేడెక్కుతుంది.

"ఎచ్చగుందేటమ్మా?"

"ఎండకి, అత్తా."

"ఎండేదే?"

జైబున్నీసా తల వంచుకుంది.

"రుబ్బని రోలు కడిగితే కూలేటే? ఎన్నాళ్ళబట్టి పెడతన్నావు నాకు ముష్టి?"

"ముష్టి కాదత్తా, అల్లా మీద ఒట్టు..."

దాలమ్మ చెంబుతో నీళ్ళు పోసి, నన్ను ఎన్నడూ లేనంత శుభ్రంగా కడిగింది. ఆ పిండి అంతా తెల్లగా కాలవలోకి పోయింది. నాకు ఏడుపొచ్చింది. రాయికి ఏడుపేమిటని మీరు నవ్వుకోవచ్చు.

మర్నాడు జైబున్నీసా పప్పు నానబోసి తెచ్చి, చేతులు బొబ్బలెక్కేలా నిజంగానే రుబ్బింది. రెండు పిడికిళ్ళు వదిలింది. "అత్తా, చల్లగా ఉంది, వచ్చి చూడు," అని తలుపు దగ్గర నిలబడి పిలిచింది. తలుపు తీయలేదు. ఆ పిండి నాలోనే పులిసింది. ఆ మర్నాడూ అంతే. చివరికి గడియ విరగ్గొట్టి, దాలమ్మను చాపతో సహా మోసుకెళ్ళారు. పొయ్యిలో బూడిద కూడా లేదు.

ఇప్పుడు జైబున్నీసా కూడా ఇక్కడ లేదు. పెరడు లాడ్జి అయింది. నన్ను పెకలించి గేటు పక్కన పెట్టారు. పాత ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఎంత బావుందో" అంటూ నా పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారు. నా గుంటలో సిగరెట్లు ఆర్పుతారు. వాన పడితే ఆ మసి నీళ్ళు అడుగున నిలిచిపోతాయి. కడిగేవాళ్ళు లేరు.